మా భీముడి భయం

మొరిగే కుక్క కరవదని సామెత కట్టినాయన ఎవరోగాని, ఆయన మా భీముణ్ణి చూడలేదు. మావాడు మొరుగుతాడు, కరుస్తాడు కూడా. మనుషుల్ని కాదులెండి. మనుషులంటే వాడికి ప్రాణం. గ్యాస్ సిలిండరు అబ్బాయి వస్తే తోకతో సగం వరండా తుడిచేస్తాడు. వాడి గొడవంతా సాటి కుక్కలతోనే. వీధి చివర ఇంకో కుక్క తోక కనబడితే చాలు, వెన్నుమీద వెంట్రుకలు బ్రష్షులా నిక్కబొడుచుకుని, గొలుసు తెంచుకునేటట్టు ఎగిరి, గొంతు చిరిగేలా అరుస్తూ నన్ను ఈడ్చుకుపోయేవాడు. నా బరువు 68 కిలోలు. ఈ సంగతి ఇంతవరకూ ఎక్కడా రాతపూర్వకంగా ఒప్పుకోలేదు. వాడి బలం మీకు తెలియాలని చెబుతున్నాను.

మేముండేది విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో. ఈ పొడి అక్షరాల వెనక మువ్వలవానిపాలెం అనే చక్కటి పేరొకటి దాక్కుని వుంది, అది వేరే సంగతి. 2020 మార్చిలో, జనతా కర్ఫ్యూకి రెండు రోజుల ముందు, మా అబ్బాయి బెంగుళూరు నుంచి స్నేహితుడి కారులో వచ్చి దిగాడు. ఒక చేతిలో లాప్‌టాప్ సంచి, రెండో చేతిలో చెప్పుల డబ్బా. డబ్బాలో చెప్పులు లేవు. ఏడు వారాల కుక్కపిల్ల వుంది. "నెల్లాళ్ళే అమ్మా, ఆఫీసు తెరవగానే తీసుకుపోతా" అన్నాడు. ఇదివరకు ఒక చేపల తొట్టినీ, ఒక గిటారునీ ఇలాంటి మాటలతోనే ఇంట్లో పెట్టాడు కనక నేను నమ్మలేదు.

నాకు కుక్కలంటే పడదు. పడదంటే భయమన్నమాట; పడదు అంటే కాస్త గౌరవంగా వుంటుందని అలా అనేదాన్ని. కాని లాక్‌డౌన్లో ఇల్లు కదలకుండా కూర్చున్న నలుగురికీ ఆ గుప్పెడు ప్రాణమే కాలక్షేపమైపోయింది. పాలగిన్నె నాకే తీరు చూసి అబ్బాయి భీముడని పేరు పెట్టాడు. మా మామగారు రిటైరైన తెలుగు పండితులు. పొద్దున్నే పేపరు చదువుతూ వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకునేవారు. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో వాడు చూసిన ప్రపంచమల్లా మేము నలుగురం, పెరటి గోడ, జామచెట్టు, దానిమీద ఒక ఉడత. అంత ముద్దుగా పెరిగిన కుక్క విశాఖపట్నం మొత్తంమీద ఇంకోటి లేదనుకున్నాం. ఆ ముద్దే కొంప ముంచిందని మాకు మూడేళ్ళదాకా తెలియలేదు.

ఆ ఏడు అక్టోబరులో ఒకనాటి సాయంత్రం రైతుబజారు వెనక సందులో మూడు వీధికుక్కలు వాణ్ణి చుట్టుముట్టాయి. వాడు నా కాళ్ళ మధ్య దూరి, కీచుమని అరిచి, నా చీర కుచ్చెళ్ళు ఊడదీశాడు. నేను చేతిలో వున్న బెండకాయల సంచి విసిరాను. అరకిలో బెండకాయలు పోయాయి, కుక్కలు పోయాయి, ఆ రోజునుంచి వాడి ధైర్యం కూడా పోయింది. కాని మాకు అలా కనబడలేదు. ధైర్యం వచ్చినట్టు కనబడింది! పది రోజులు తిరక్కుండా ఏ కుక్కని చూసినా మీదికి ఉరకటం మొదలెట్టాడు. "మగతనం వచ్చింది వెధవకి" అని మావారు మురిసిపోయారు కూడా.

2022లో అబ్బాయి ఆఫీసు తెరిచారు. వాడు వెళ్ళాడు. భీముడు వుండిపోయాడు. బెంగుళూరులో ముగ్గురు కుర్రాళ్ళు కలిసివుండే అద్దెయింట్లో కుక్కని రానివ్వరట. పిల్లలు ఎగిరిపోయాక ఇళ్ళలో క్యారమ్ బోర్డులు, తుప్పు సైకిళ్ళు మిగులుతాయి. మాకు ముప్ఫై కిలోల కుక్క మిగిలింది.

2023 కార్తీకమాసంలో జరగాల్సింది జరిగింది. సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెడుతున్నాను. గేటు గడియ సరిగ్గా పడలేదు. ఎదురింటావిడ పమేరియన్ డాలీ, దూదిపింజలా వుంటుంది, రోడ్డు మీదకి వచ్చింది. నేను తల తిప్పేలోగా భీముడు దాని చెవి పట్టుకున్నాడు. నేను తెలివితక్కువగా మధ్యలో చెయ్యి పెట్టాను. పోట్లాడే కుక్కల మధ్య చెయ్యి పెట్టకూడదు, బకెట్టుతో నీళ్ళు కొట్టాలి. ఆ ముక్క తర్వాత తెలిసింది. డాలీ చెవికి 4 కుట్లు పడ్డాయి. నా మణికట్టు మీద పన్ను గీరుకుంది. కుళాయి కింద పావుగంట సబ్బుతో కడుక్కుని, మర్నాడు వాయిదా వేయకుండా వెళ్ళి సూదులు వేయించుకున్నాను. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనే కాలం పోయిందిలెండి, ఇప్పుడు జబ్బకే వేస్తున్నారు. కాబట్టి భయపడి ఎవరూ పసరు మందులకి పోకండి.

పదిహేనేళ్ళుగా ఆవకాయ జాడీలు ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ళు మావి. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అనివుంటే బాగుండేది. మర్నాటినుంచి నేను ముగ్గు వేస్తుంటే ఆవిడ తలుపు వేసుకునేది. మావారు ఆస్పత్రి బిల్లు కట్టి వచ్చి, చొక్కా విప్పకుండానే తీర్పు చెప్పేశారు. "సంక్రాంతికి కొత్తవలస తీసుకెళ్ళి తమ్ముడి తోటలో వదిలేద్దాం. మామిడి తోట, కావలికి పనికొస్తాడు." నిజం చెప్పొద్దూ, నాకూ అదే నయమనిపించింది.

ఆ రాత్రి మంచినీళ్ళకి లేచాను. కుట్టుమిషను కింద ఏదో చప్పుడు. చూస్తే భీముడు. తోక పొట్టకిందికి ముడుచుకుని, గోడకి అంటుకుపోయి, మిషను పెడలు చప్పుడయ్యేంతగా వణుకుతున్నాడు. కింద తడి. చిన్నప్పుడు తప్ప వాడెన్నడూ ఇంట్లో అలాంటి పని చేయలేదు. పోట్లాటలో వీడికి చిన్న గాయం కూడా కాలేదు. గెలిచినవాడు ఇలా వుంటాడా అనుకున్నాను. అక్కడే నేలమీద చతికిలబడ్డాను. వాడు మెల్లిగా వచ్చి నా ఒళ్ళో తల పెట్టాడు. కుక్కలంటే పడని మనిషిని, తెల్లారేదాకా అలాగే కూర్చున్నాను.

పశువుల డాక్టరమ్మ మా అబ్బాయికన్నా చిన్నది. ముందు వాడి చెవులు, పళ్ళు, తుంటి కీళ్ళు అన్నీ నొక్కి చూసింది. ఎక్కడైనా నొప్పి వుంటే కూడా కుక్కలు ఇలా చిరాకు పడతాయట. ఏమీ లేదని తేలాక అంది: "ఆంటీ, వీడికి కోపం లేదు, భయం. నా దగ్గరికి రావద్దు అని వాడికి తెలిసిన భాషలో అరుస్తున్నాడు. అరిచిన ప్రతిసారీ ఏమవుతోంది? మీరు వాణ్ణి ఈడ్చుకుపోతారు, లేదా ఆ కుక్క తన దారిన పోతుంది. ఎలాగైనా దూరం పెరుగుతోంది. మంత్రం పనిచేసిందనుకుంటాడు. ఈసారి ఇంకా గట్టిగా చదువుతాడు."

కుక్కపిల్లకి 3వ వారం నుంచి 12, 14 వారాలదాకా ఒక కిటికీ తెరిచి వుంటుందట. ఆ కాలంలో ఏవేవి చూస్తే అవన్నీ లోకంలో మామూలే అనుకుంటుంది. చూడనివాటిని తర్వాత అనుమానంగా చూస్తుంది. మా భీముడి కిటికీ సరిగ్గా లాక్‌డౌన్లోనే మూసుకుపోయింది. అప్పుడు వాడికి ఒక్క మంచి కుక్కతో కూడా పరిచయం కాలేదు. మొదటి పరిచయం రైతుబజారు వెనక!

ఇంటికొచ్చి ఈ కథంతా చెబితే మా మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "భీముడన్నా భీరువన్నా ఒకటే ధాతువమ్మా. భయపెట్టేవాడు భీముడు, భయపడేవాడు భీరువు. తేడా ప్రత్యయంలోనే" అన్నారు. ఇంత సంగతి ఆయనకి ముందే తెలిసివుండి కూడా పేరు పెట్టేనాడు ఊరుకున్నారు చూడండి.

ఈలోపల వీధిలో సలహాలకి కొదవ లేదు. లాగితే బిగుసుకునే గొలుసు మెడకి వెయ్యమన్నారు ఒకరు. కుక్క కనబడగానే గట్టిగా ఒక్క గుంజు గుంజాలట. నాలుగు రోజులు గుంజాను. పాపం, నాకు వచ్చిన పాపమే అది. డాక్టరమ్మ వింటూనే తల పట్టుకుంది. "వాడి వైపునుంచి ఆలోచించండి ఆంటీ. కుక్క కనబడింది, మెడ నొప్పెట్టింది. కుక్కలంటే చెడ్డవే అని రుజువైంది కదా!" గుర్రుమన్నందుకు కూడా కొట్టకూడదట. గుర్రుమనటం అంటే ముందుగా ఇచ్చే నోటీసు. కొట్టి అది మాన్పిస్తే నోటీసు లేకుండా కరుస్తాడు. ఆ గొలుసు తీసేసి ఛాతీకి తొడిగే మెత్తటి పట్టీ, హార్నెస్ అంటారట, అది కొన్నాం. మూతికి బుట్ట కూడా కొన్నాం. నూర్పిళ్ళప్పుడు ఎద్దులకి కట్టే చిక్కం లాంటిదే. అందులోంచి గస పోసుకోవచ్చు, నీళ్ళు తాగొచ్చు. దాన్ని చూసి వీధిలో తల్లులు పిల్లల్ని లోపలికి పిలిచేవారు. ఏం చేస్తాం!

అసలు వైద్యం వింటే మీరు నవ్వుతారు. ఉడికించిన కోడిగుడ్డు. అంతే.

భీముడు ఇంకో కుక్కని చూడాలి గాని అరవకూడనంత దూరంలో నేను నిలబడాలి. వాడు చూడగానే ఒక ముక్క. చూస్తున్నంతసేపూ ఒక్కో ముక్క. ఆ కుక్క కనుమరుగవగానే గుడ్డు బంద్. రోజూ ఇంతే. కొన్నాళ్ళకి కుక్క అంటే గుడ్డు వస్తుందన్నమాట అని వాడి బుర్రకి ఎక్కుతుంది. అప్పుడు ఒక్కొక్క అడుగే దగ్గర జరగాలి. పావ్లోవ్ అనే రష్యా డాక్టరు కుక్కల లాలాజలం గురించి కనిపెట్టినదే ఇది కూడానట. ఆయనకి 1904లో నోబెల్ బహుమతి ఇచ్చింది మాత్రం అరుగుదల మీద చేసిన పనికి. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే మూడేళ్ళు నిండని పిల్లవాడికి ఇష్టమైన తిండి పెడుతూ, పంజరంలో కుందేల్ని కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చి, చివరికి వాడి చేత దాన్ని నిమిరించిందట. ఇది విని నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. చీకట్లోకి రానని ఏడ్చే పిల్లల్ని డాబామీద ఎత్తుకుని, చందమామని చూపిస్తూ నోట్లో ముద్దలు పెట్టి, చీకటంటే భయం పోగొట్టిన తల్లులు మన దగ్గర ఎందరు లేరు? వాళ్ళు అది కాగితం మీద పెట్టలేదు.

మా ఇంట్లో గుడ్డు గడప దాటి రాదు. వెనక వరండాలో కరెంటు పొయ్యి పెట్టాం. ఉడకబెట్టేది మావారు. పెళ్ళయిన ముప్ఫైనాలుగేళ్ళలో కాఫీ కలపటం నేర్చుకోని మనిషి కుక్క కోసం గుడ్డు నేర్చుకున్నారు! ఒక గుడ్డు 40 ముక్కలు చేసేవారు, స్కేలు పెట్టి కొలిచినట్టు. ఆ మేరకి వాడి అన్నం తగ్గించేవాళ్ళం. అన్నట్టు, ఉల్లిపాయలున్న సాంబారన్నం, కిస్‌మిస్‌లున్న పాయసం కుక్కలకి విషంతో సమానమట. మూడేళ్ళు పండగ పండక్కీ పెట్టాను. దేవుడు కాపాడాడు.

మొదటి రెండు వారాలూ నేను చేసిన తప్పు చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. దూరంనుంచి కుక్క వస్తుంటే, వీడు చూడకముందే కంగారుగా గుడ్డు నోట్లో పెట్టేసేదాన్ని. వారం తిరిగేసరికి గుడ్డు తీయగానే వాడు తినటం మాని, బెదురుచూపులతో నలువైపులా వెతకటం మొదలెట్టాడు. గుడ్డు వస్తే కుక్క వస్తుందని నేర్చుకున్నాడు! తాలింపులో ఆవాలు చిటపటమన్నాకే కరివేపాకు వెయ్యాలని నలభై ఏళ్ళుగా తెలిసినదాన్ని, ఇక్కడ వరస తప్పాను. ముందు కుక్క, తర్వాత గుడ్డు.

వాడి ముఖం చదవటం కూడా నేర్చుకున్నాను. తిండి లేకుండానే పెదాలు నాక్కోవటం, కనుకొలకుల్లో తెల్లగుడ్డు కనబడటం, నోరు టక్కున మూసి బిగుసుకుపోవటం, నిద్ర రాకుండానే ఆవులించటం, ఇవన్నీ భయం గుర్తులే. ఆవులింత సంగతి విన్నప్పుడు మాత్రం నవ్వొచ్చింది. పెళ్ళిచూపుల్లో నేను రెండుసార్లు ఆవులించానట. పొగరుబోతు పిల్ల అనుకున్నామని మా అత్తగారు పోయేదాకా చెబుతూనే వుండేవారు.

మొదట్లో మా దూరం 80 అడుగులు. పుస్తకాల్లో రాసేవాళ్ళకేం, వాళ్ళ ఊళ్ళలో అవతలి కుక్కని కూడా ఎవరో పట్టుకుని వుంటారు. ఇక్కడ అవతలి కుక్క తన ఇష్టం వచ్చినంత దగ్గరికి వస్తుంది. అందుకని తెల్లవారుజామున నాలుగున్నరకి బయలుదేరేవాళ్ళం. ఏ సందు ఏ కుక్కలది, అవి ఎప్పుడు లేస్తాయి అన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. ఆగివున్న ఆటోలు, కార్లు మాకు తెరలు. "ఇలా రా" అనగానే గిరుక్కున వెనక్కి తిరగటం ఇంట్లోనే వందసార్లు ఆటలా నేర్పాను. ఏదైనా తరుముకొస్తే దాని ముందు గుప్పెడు బిస్కెట్లు చల్లి తప్పుకునేవాళ్ళం. ఒక్కరోజు బెదిరిపోతే రెండు మూడు రోజులు బయటికే తీసుకెళ్ళకుండా పెరట్లో ఆడించేదాన్ని.

అయినా 50 అడుగుల దగ్గర బండి ఆగిపోయింది. డాక్టరమ్మ ఒకరోజు మా వెంట నడిచి వచ్చి చూసింది. "వాడు కుక్కని చూడకముందే మీరు గొలుసు బిగిస్తున్నారు ఆంటీ. ఊపిరి కూడా బిగబడుతున్నారు" అంది. చెయ్యి చూసుకున్నాను. వేళ్ళమీద గొలుసు ముద్రలు. నిజమే, నేనే ముందు భయపడుతున్నాను. మళ్ళీ చెవి చిరుగుతుందని, మళ్ళీ తలుపులు మూసుకుంటాయని.

ఆ వారం గొలుసు మావారికిచ్చాను. ఆయన మొదటిరోజు "భీమా! ఏయ్! ఆగు! ఆగమంటే!" అని వీధి లేచిపోయేలా అరిచారు. ఆ అరుపు నాకు పాత చుట్టం. 1995లో ఆయన నాకు మైదానంలో స్కూటరు నేర్పారు. వెనకనుంచి "బ్రేకు! బ్రేకు! కళ్ళు లేవా?" అని అరిచారు. నేను గోడకి గుద్దాను. మళ్ళీ ముట్టుకోలేదు. ఆ మాటే అన్నాను రోడ్డు మీద, నవ్వుతూనే అన్నాను. ఆయన నవ్వలేదు. మర్నాటినుంచి గొంతు తగ్గించారు. ఇప్పుడు కుక్క కనబడితే ఆయన భుజాలు వదులు చేసి, "ఆఁ, చూశావా నాన్నా, వెళ్ళిపోతోందిలే" అంటుంటారు. ఇంత నెమ్మది ఈయన దగ్గర ఎక్కడ దాగుందో నాకింతవరకూ అర్థం కాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ ముందు బయటపెట్టివుంటే నేను స్కూటరు మీద రైతుబజారుకి వెళ్ళేదాన్ని.

సంక్రాంతి వెళ్ళింది. కొత్తవలస మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ తర్వాత మాకొక గురువు దొరికింది. మూలమీద టిఫిన్ బండి దగ్గర పడుకునే ముసలి ఆడకుక్క. ఆపరేషను చేసిన గుర్తుగా చెవి కొస కత్తిరించి వుంటుంది. "అది ఎవుల్నీ ఏటీ అనదమ్మా, దాని పనేదో అదే" అంది బండి ఆవిడ. భీముడు దూరంనుంచి బిగుసుకుని చూస్తే, అది ఒక్కసారి చూసి ముఖం పక్కకి తిప్పుకునేది. లేచి నేల వాసన చూస్తూ అర్ధచంద్రాకారంలో చుట్టు తిరిగి పోయేది. 'నాతో నీకేం పేచీ లేదు నాయనా' అన్నట్టు. రోజూ ఆ రోడ్డుకి ఇటు మేము, అటు అది. మూడు నెలలు. 30 అడుగులు, 20, 12. ఒక తెల్లవారుజామున భీముడే రెండడుగులు వేసి దాని వెనకభాగం వాసన చూశాడు, మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు. చూసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి గుడ్డు కోసం నోరు తెరిచాడు. తోక ఊగుతోంది. బండి ఆవిడ పెనం మీద అట్టు మాడిపోయింది, అంతలా చూస్తూ నిలబడిపోయింది.

అలాగని భీముడు సాధువైపోయాడనుకోకండి. ముసలమ్మ ఒక్కర్తే వాడి స్నేహితురాలు. కొత్త కుక్క ఎదురుపడితే ఇప్పటికీ చిక్కం వుండాల్సిందే, గేటుకి రెండు గడియలు వుండాల్సిందే. మూడు మంచి రోజులకి ఒక చెడ్డరోజు వస్తుంది. ఆ రోజు ఇంటికొచ్చి కుట్టుమిషను కింద దూరతాడు. మేమెవరం ఏమీ అనం.

ఎదురింటావిడ ఇదంతా కిటికీలోంచి చూస్తూనే వుందని నాకు తెలీదు. మొన్న ఆషాఢంలో ఒక సాయంత్రం మేము బయలుదేరుతుంటే ఆవిడ గేటు తెరుచుకుంది. డాలీని గొలుసు వేసి పట్టుకుంది. కుట్లు పడ్డ చెవి కొంచెం వంకరగా నిలబడి వుంది. నా గుండె ఆగినంత పనైంది. గొలుసు బిగించబోయి, గుర్తొచ్చి, వేళ్ళు వదులు చేశాను.

"ఇవాళ ఎన్ని అడుగుల మీదున్నాడు వదినగారూ?" అంది ఆవిడ, ఆ గోడ దగ్గరే నిలబడి.

"ముసలమ్మ దగ్గరైతే ఆనుకునే నడుస్తాడు. డాలీ అంటే... నలభై పెట్టుకుందామా?"

ఆవిడ రోడ్డు వెడల్పు ఒకసారి కళ్ళతో కొలిచింది. డాలీని తీసుకుని, పక్కింటి వేపచెట్టు దాకా వెనక్కి నడిచింది. కొంగు ముడిలోంచి పనీరు ముక్క తీసి దాని నోట్లో పెట్టి, "మేమిక్కడుంటాం. మీరు కానివ్వండి" అంది.